పాత హాలీవుడ్ సినిమాల కార్లు నిజంగానే అలా ఎగిరి దూకేవా?

"బుల్లిట్ మస్టాంగ్, జనరల్ లీ, డెలోరియన్... ఇవన్నీ తెర మీద చేసిన పనులు నిజంగా చేశాయా? షోరూమ్ నుంచి తెచ్చిన కారు అలా చేయగలదా? ఇప్పుడు అలాంటి కారు ఎవరి దగ్గరైనా ఉంటే ఎక్కడ పాడవుతుంది?" అని అడిగారు.

చేశాయి. కాకపోతే కంపెనీ బిగించిన స్ప్రింగులతో, షాక్ అబ్జార్బర్లతో కాదు. దూకిన కార్లలో చాలావాటికి అదే ఆఖరి ప్రయాణం. ఈ కార్ల గురించి మాట్లాడేటప్పుడు అందరూ రంగు, ఇంజిన్ పవర్ చెబుతారు. ఆ సీన్లను నిలబెట్టింది మాత్రం కారు కింద ఉన్న సామాను, బరువు ఎక్కడ పెట్టారన్న లెక్క. అందుకే నేను కింద నుంచి మొదలుపెడతాను.

1968లో వచ్చిన 'బుల్లిట్' సినిమాలో కార్ల ఛేజ్ దాదాపు 11 నిమిషాలు ఉంటుంది. ముందు నల్ల డాడ్జ్ చార్జర్, వెనక ముదురాకుపచ్చ ఫోర్డ్ మస్టాంగ్ జీటీ. శాన్‌ఫ్రాన్సిస్కో వీధులు ఎలా ఉంటాయంటే, నిటారు వాలు, అడ్డరోడ్డు వచ్చిన చోట ఒక్కసారిగా చదును, దాటగానే మళ్ళీ వాలు. వేగంగా వచ్చిన కారు ఆ చదును అంచు మీద నేలని వదిలేస్తుంది. తిరిగి పడేటప్పుడు ముందు చక్రాలే మొదట తాకుతాయి, ఇంజిన్ బరువంతా వాటి మీదే.

ఆ కాలపు మస్టాంగ్‌లో ముందు కాయిల్ స్ప్రింగ్ పై ఆర్మ్ మీద, అంటే చక్రాన్ని పైనుంచి పట్టుకునే చేయి మీద కూర్చుంటుంది. దాని పై చివర ఇంజిన్‌కి రెండు పక్కలా ఉండే రేకు బురుజుల్లోకి తన్ని ఉంటుంది. వీటినే షాక్ టవర్లంటారు. దెబ్బ మీద దెబ్బ పడితే టవర్ రేకు పగులుతుంది, రెండు టవర్లూ ఇంజిన్ వైపు వాలతాయి. సినిమా కోసం ఆ కార్లను సిద్ధం చేసిన మ్యాక్స్ బాల్చోస్కీ ముందు పట్టుకున్నది ఈ చోటునే. టవర్లకు బలం చేర్చాడు, గట్టి స్ప్రింగులు వేశాడు, కోని షాక్ అబ్జార్బర్లు బిగించాడు. ఇంజిన్ మీద చేసిన పని ఆ తర్వాతి మాట.

ఇవాళ అరవైల నాటి మస్టాంగ్ ఏది చూసినా మొదట చూడాల్సింది అదే. బానెట్ ఎత్తి, పై ఆర్మ్ బోల్టులు దూరే రంధ్రాల చుట్టూ మడ్డి తుడిచి, టార్చి అడ్డంగా పట్టుకుని చూడండి. సన్నని వెంట్రుక లాంటి గీత ఉంటే అది పగులే. ముందు టైర్లు లోపలి అంచున మాత్రమే అరిగి, ఎంత సర్దినా అలైన్‌మెంట్ కుదరకపోతే టవర్లు లోపలికి వాలాయని అర్థం. అప్పుడు వట్టి వెల్డింగ్ సరిపోదు. మొదట టవర్లని బయటికి నెట్టి కొలత సరిచేయాలి, పగులు వెల్డింగ్ చేయాలి, ఆ తర్వాత రెండు టవర్లకీ మధ్య అడ్డ కడ్డీ, టవర్ల నుంచి ఇంజిన్ వెనక గోడకి బ్రేస్ బిగించాలి. కొలత సరిచేయకుండా కడ్డీ బిగిస్తే వంకరని అలాగే బిగించినట్టవుతుంది.

మస్టాంగ్‌ది 390 ఇంజిన్, అంటే 6.4 లీటర్లు. చార్జర్‌ది 440, 7.2 లీటర్లు. చార్జర్‌కే వేగం ఎక్కువ. చార్జర్ నడిపిన బిల్ హిక్‌మన్ యాక్సిలరేటర్ కాస్త వదిలిపెట్టి నడపకపోతే వెంటాడే కారు వెనకే ఉండిపోయేది. మస్టాంగ్‌లో హీరో స్టీవ్ మెక్వీన్ కొన్ని షాట్లు తనే నడిపాడు, ప్రమాదమైనవి స్టంట్ డ్రైవర్లు నడిపారు. ఏది ఎవరిదో మీరే తేల్చుకోవచ్చు. లోపలి అద్దంలో మెక్వీన్ ముఖం కనిపిస్తే అతనే, అద్దం పైకి తిప్పేసి ముఖం కనిపించకపోతే స్టంట్ డ్రైవర్. ఒకచోట మస్టాంగ్ మలుపు తప్పి ముందుకి పోయి, టైర్లు పొగలు కక్కేలా రివర్స్ వస్తుంది. అది నిజంగా జరిగిన పొరపాటు, ఎడిటింగ్‌లో తీసేయకుండా ఉంచారు. ఆ ఎడిటింగ్‌కే ఫ్రాంక్ కెల్లర్‌కి ఆస్కార్ వచ్చింది.

చార్జర్ వీల్ క్యాప్‌లు నాలుగు చక్రాలకీ ఉన్నవాటికంటే ఎక్కువ ఊడిపోతాయని అందరూ నవ్వుతారు. ఒకే దూకుడుని చాలా కెమెరాలతో తీసి, ఆ ముక్కలను వేర్వేరు చోట్ల వాడారు. దారిలో అదే ఆకుపచ్చ ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ మళ్ళీ మళ్ళీ ఎదురవడమూ అందుకే. క్యాప్‌లు అలా ఊడటం మాత్రం కల్పన కాదు. క్యాప్ వెనక స్ప్రింగు పళ్ళు రిమ్ గాడిని పట్టుకుని ఉంటాయి, పక్కకి ఒత్తిడి పడి స్టీల్ రిమ్ కొద్దిగా వంగగానే పళ్ళు జారిపోతాయి. పాత కార్లకి క్యాప్‌లు బిగించేటప్పుడు ఆ పళ్ళని శ్రావణంతో కొద్దిగా బయటికి వంచాలి. మరీ వంచితే విరుగుతాయి.

షూటింగ్‌లో వాడిన రెండు మస్టాంగ్‌లలో ప్రధానమైనది 2020 జనవరిలో అమెరికాలో వేలానికి వచ్చింది. ఫీజులతో కలిపి 37 లక్షల 40 వేల డాలర్లు పలికింది. దాని చాసిస్ నంబరు 8ఆర్02ఎస్125559. మొదటి 8 అంటే 1968 మోడల్, ఆర్ అంటే శాన్‌హోసే ఫ్యాక్టరీ, 02 అంటే ఫాస్ట్‌బ్యాక్ బాడీ, ఎస్ అంటే 390 ఇంజిన్, మిగతాది వరస సంఖ్య. ఆకుపచ్చ రంగు ఎవరైనా కొట్టించుకోవచ్చు. నంబరులో ఎస్ లేని కారుని 390 అని అమ్మజూపితే ఆ ఇంజిన్ తర్వాత మార్చిపెట్టిందే.

ఇక జనరల్ లీ. 'ద డ్యూక్స్ ఆఫ్ హజార్డ్' సీరియల్ 1979 నుంచి 1985 దాకా అమెరికా టీవీ చానల్ సీబీఎస్‌లో 147 ఎపిసోడ్లు వచ్చింది. అందులోని నారింజ రంగు 1969 డాడ్జ్ చార్జర్ పేరే జనరల్ లీ, తలుపు మీద 01. పైకప్పు మీద ఉన్న జెండా అమెరికా అంతర్యుద్ధంలో బానిసత్వం కోసం పోరాడిన దక్షిణాది రాష్ట్రాలది. 2015లో ఆ జెండా మీద పెద్ద చర్చ జరిగినప్పుడు అక్కడి ఒక చానల్ పునఃప్రసారాన్ని ఆపేసింది. కారు మీద ఎంత ఇష్టమున్నా ఆ జెండా అర్థం తెలిసి మాట్లాడటం మంచిదని నా అభిప్రాయం.

ఈ సీరియల్ కోసం 300కి పైగా కార్లు వాడారు, అంటే ఎపిసోడ్‌కి రెండు చొప్పున. ఎందుకన్ని? మొదటి పెద్ద దూకుడే చూడండి. 1978 నవంబర్ 11న జార్జియా రాష్ట్రం ఆక్స్‌ఫర్డ్‌లోని కాలేజీ ఆవరణలో తీశారు. కారు 16 అడుగుల ఎత్తుకి లేచి 82 అడుగుల దూరం వెళ్ళింది. కిందపడ్డాక మళ్ళీ నడిపే స్థితిలో లేదు.

చార్జర్‌లో పెద్ద ఇంజిన్ వేస్తే ఆ పోత ఇనుము ఒక్కటే సుమారు 300 కిలోలు. ర్యాంప్ చివర ముందు చక్రాలు గాల్లోకి వచ్చేసరికి వెనక చక్రాలు ఇంకా ర్యాంప్ మీదే ఉంటాయి. ఆ కొద్ది క్షణంలో ముందుభాగం కిందికి తిరగడం మొదలవుతుంది, గాల్లో దాన్ని ఆపేది ఏమీ ఉండదు. అలాగే వదిలేస్తే కారు ముక్కు మీద పడుతుంది. అందుకే డిక్కీలో ఇసుక బస్తాలు, సిమెంటు దిమ్మలు వేసి బరువు వెనక్కి లాగారు. ఇక్కడ లెక్క తప్పితే రెండు రకాలుగా తప్పుతుంది. తక్కువైతే ముక్కు మీద పడి డ్రైవర్ మెడకి ప్రమాదం. ఎక్కువైతే తోక ముందు తగిలి, ఆ విసురుకి ముందుభాగం నేలకి బాదుకుంటుంది. బస్తాలు కదలకుండా కట్టకపోతే దిగేటప్పుడు అవి వెనక సీటు వైపు దూసుకొస్తాయి, అది ఇంకా పెద్ద ప్రమాదం.

చార్జర్‌కి ముందు టోర్షన్ బార్లు, వెనక కమాన్ పట్టీలు. మన పాత అంబాసిడర్‌ది కూడా ఇదే అమరిక. ఆ కారు కింద పడుకుని పనిచేసినవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు. ముందు కాయిల్ స్ప్రింగ్ ఉండదు, పొడవాటి ఉక్కు కడ్డీ మెలితిరిగి బరువు మోస్తుంది. చార్జర్‌కి విడిగా చాసిస్ లేదు, బాడీయే చాసిస్. దూకిన కారుకి ముందు ఫ్రేమ్ పట్టీలు పైకి వంగుతాయి, పైకప్పు మడత పడుతుంది, తలుపుకీ ఫెండర్‌కీ మధ్య సందు ఒక పక్క మూసుకుపోయి ఇంకో పక్క వేలు దూరేంత తెరుచుకుంటుంది. ఎపిసోడ్‌లో కారు నేలకి తగిలిన ఫ్రేమ్ దగ్గర ఆపి ఆ సందు చూడండి. తర్వాతి షాట్‌లో సందు సమంగా కనిపిస్తుంది, అంటే అది వేరే కారు.

1969 చార్జర్లు దొరకడం కష్టమయ్యాక 1968, 1970 మోడళ్ళని 69లా మార్చి వాడారు. తేడా గుర్తుపట్టడం తేలికే. 68కి వెనక లైట్లు గుండ్రంగా జంటగా ఉంటాయి, 69కి అడ్డంగా పొడుగ్గా, ముందు గ్రిల్ మధ్యలో అడ్డుపట్టీ ఉంటుంది. 70కి ముందు క్రోమ్ బంపర్ గ్రిల్ చుట్టూ తిరుగుతుంది. గ్రిల్, లైట్లు మార్చొచ్చు గానీ, డ్యాష్‌బోర్డు మీద అద్దం లోంచి కనిపించే నంబరు మారదు. అందులో ఆరో అక్షరం 9 అయితే 1969, 8 అయితే 1968. ఎక్స్‌పి29తో మొదలైతే మామూలు చార్జర్, ఎక్స్‌ఎస్29 అయితే ఎక్కువ పవర్ ఉన్న ఆర్‌టీ రకం. నంబరు పలక రివెట్లు కొత్తగా మెరుస్తుంటే బేరం అక్కడితో ఆపేయండి.

డెలోరియన్ సంగతి వేరు, అది దూకలేదు. 1985లో 'బ్యాక్ టు ద ఫ్యూచర్' వచ్చేనాటికి ఆ కంపెనీ మూతపడింది. ఉత్తర ఐర్లండ్‌లో, బెల్‌ఫాస్ట్ పక్కన డన్‌మరీలో తయారైన కారు అది, మొత్తం 9,000 దాకా వచ్చాయి. డిజైన్ ఇటలీ డిజైనర్ జుజారోది. వెనక 2.85 లీటర్ల వీ6, అమెరికాకి పంపిన వాటిలో 130 హార్స్‌పవర్. సినిమాలో ఆ కారు టైమ్ మెషీన్, కాలంలో ప్రయాణించాలంటే గంటకి 88 మైళ్ళు అందుకోవాలి కదా, అసలు కారు స్పీడోమీటర్ 85 దగ్గరే ఆగిపోతుంది, అప్పటి అమెరికా నిబంధన అది. అందుకని సినిమాకి వేరే స్పీడోమీటర్ పెట్టారు. ఇంజిన్ శబ్దం కూడా దానిది కాదు, పోర్షే 928ది. చూడటానికి రేసుకారు గానీ నడకలో నెమ్మది.

రెక్కల్లా పైకి లేచే ఆ తలుపుల్లో మళ్ళీ టోర్షన్ బారే ఉంది. విమానాల కంపెనీ గ్రమ్మన్ వాటిని గడ్డకట్టే చలిలో మెలితిప్పి తయారుచేసింది. బరువులో ఎక్కువ భాగాన్ని ఆ బారే మోస్తుంది, గ్యాస్ స్ట్రట్, అంటే గ్యాస్ నింపిన ఊతకడ్డీ, సాయం చేస్తుంది. స్ట్రట్‌లో గ్యాస్ తగ్గినా, చలికి ఒత్తిడి పడిపోయినా తలుపు పూర్తిగా లేవదు, లేచినా తల మీద పడుతుంది. అప్పుడు చాలామంది బార్‌ని బిగించబోతారు. అది తప్పు. ముందు స్ట్రట్ కొత్తది వేసి చూడాలి. పదిలో తొమ్మిది సార్లు అదే సరిపోతుంది. బార్‌లో నిలవున్న బలం చేతి ఎముకలు విరగ్గొట్టేంత, దానికంటూ ఉన్న ప్రత్యేక పనిముట్టు లేకుండా ముట్టుకోకూడదు.

బయటి రేకులు 304 స్టెయిన్‌లెస్ స్టీలు, పెయింట్ లేదు. వేలిముద్రలు పడితే గ్లాసు తుడిచే ద్రవం చాలు. గీత పడితే గరుకు నైలాన్ ప్యాడ్‌తో రేకు గీరల వెంబడి, ఒకే దిక్కుకి రుద్దాలి. గుండ్రంగా తిప్పితే ఆ మచ్చ ఎండలో జీవితాంతం కనిపిస్తుంది. ఇనుప పీచు అసలు వాడకూడదు, దాని పొడి రేకులో ఇరుక్కుని తుప్పు చుక్కలు వేస్తుంది. సొట్ట పడితే పుట్టీ పెట్టి కప్పే దారి లేదు, పైన రంగే లేదు మరి.

రేకు తుప్పు పట్టదు గానీ కింద ఉన్న చాసిస్ మామూలు ఉక్కు. దానికి ఎపాక్సీ పూత. పూత పగిలిన చోట నీరు చేరి, పైకి బాగున్నట్టే కనిపిస్తూ కింద తినేస్తుంది. సుత్తి పిడితో తట్టుకుంటూ వెళ్తే శబ్దం బోలుగా మారిన చోట పూత కింద తుప్పుంది. వెనక ట్రెయిలింగ్ ఆర్మ్‌లని పట్టుకునే రెండు పొడవాటి బోల్టులు కూడా విప్పి, చదునైన అద్దం మీద దొర్లించి చూడాలి. వంగినవి తడబడుతూ దొర్లుతాయి. వంగిన బోల్టు తిరిగి వేయకూడదు, గట్టి రకం కొత్తవే వేయాలి, ఎందుకంటే వెనక చక్రం నిలబడేది వాటి మీదే. కూలెంట్ ట్యాంక్ మొదటి ప్లాస్టిక్‌దే ఉంటే పగలకముందే స్టెయిన్‌లెస్‌ది మార్చేయండి. అది పగిలితే ఇంజిన్ వేడెక్కి హెడ్ పాడవుతుంది.

మీరు పేరెత్తలేదు గానీ 1964 జేమ్స్ బాండ్ సినిమా 'గోల్డ్‌ఫింగర్'లోని ఆస్టన్ మార్టిన్ డీబీ5 కూడా ఇక్కడ చెప్పుకోవాలి. 4 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్, మూడు కార్బురేటర్లు. సన్నని ఉక్కు గొట్టాల చట్రం మీద అల్యూమినియం రేకు తొడుగుతారు. అందం అక్కడే, రోగమూ అక్కడే. రెండు లోహాలూ తగిలిన చోట తడి చేరితే అల్యూమినియం తెల్లని పొడిగా రాలుతుంది. తలుపుల అంచులు, చక్రాల పైన వంపు, డిక్కీ మూత కింది మడత వేలితో తడమండి, పెయింట్ కింద చిన్న చిన్న బుడగలు తగిలితే లోపల పొడి మొదలైందన్నమాట. పైన రంగు కొట్టిస్తే ఏడాదిలో బుడగలు తిరిగొస్తాయి. రేకు విప్పి, గొట్టం శుభ్రం చేసి, రెండింటికీ మధ్య తడి చేరని పొర వేసి మళ్ళీ తొడగాల్సిందే.