ఆఫీసు పక్కన ఇరుకిల్లా, నచ్చిన ఏరియాలో గంట ప్రయాణమా?

మీ ప్రశ్న నాకు అర్థమైంది ఇలా: కొత్త నగరంలో ఉద్యోగం వచ్చింది. ఆఫీసు పక్కనే ఇరుకిల్లు ఒకటి దొరుకుతోంది. మీ మనసేమో చెట్లు, పార్కు ఉన్న వేరే ఏరియా మీద ఉంది, అక్కడ ఇల్లు పెద్దది, కానీ గంట ప్రయాణం. ఈ రెండూ చేసి చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నా.

మొదట ఆఫీసు పక్కనే దిగాను. నడిస్తే ఏడు నిమిషాలు. ఇక టెన్షన్ లేదనుకున్నా. ఆ ఏరియా అంతా ఆఫీసులే అని తెలుసు గానీ, దాని అర్థం ఏమిటో మొదటి ఆదివారం తెలిసింది. వీధిలో మనిషి లేడు. ఆఫీసులతో పాటే దుకాణాలకూ తాళాలు. జుట్టు కత్తిరించుకోవాలన్నా, చెప్పు కుట్టించుకోవాలన్నా, ఒక స్నేహితుణ్ణి కలవాలన్నా బస్సెక్కి ఇంకో ఏరియాకి పోవాల్సిందే. వారమంతా మిగుల్చుకున్న సమయం శని, ఆదివారాల్లో బస్సుల పాలయ్యేది. మనుషులు ఎక్కడున్నా సగటున రోజుకు గంటసేపు ప్రయాణానికి పెడతారని ఇటలీ భౌతిక శాస్త్రవేత్త చెజారే మార్కెట్టి 1994లో రాశాడు. అది చదివి నవ్వొచ్చింది. నా గంట ఎక్కడికీ పోలేదు, ఆదివారానికి మారిందంతే.

రెండోసారి మీరు కోరుకుంటున్నలాంటి ఏరియాకే మారాను. ఇల్లు చూడ్డానికి వెళ్లింది ఒక సెలవు రోజు మధ్యాహ్నం. ఫోన్లో మ్యాప్ నలభై నిమిషాలంది. సోమవారం పొద్దున గంటా ఇరవై పట్టింది. నా లెక్క తప్పింది దూరం దగ్గర కాదు, బస్సు మారే చోట. అక్కడ పది నిమిషాలకో బస్సు అని బోర్డు మీద రాసుంటుంది, అంటే సగటున ఐదు నిమిషాలు నిలబడితే చాలనుకుంటాం. కానీ ఆలస్యమైన బస్సు కోసం స్టాపుల్లో జనం పోగవుతారు, వాళ్లు ఎక్కేసరికి అది ఇంకా ఆలస్యమవుతుంది. వెనక బస్సుకు జనం తక్కువ, అది వచ్చి ముందుదాన్ని అందుకుంటుంది. అలా పద్దెనిమిది నిమిషాలకొకటి, ఆ వెంటనే రెండు నిమిషాల్లో ఇంకొకటి వస్తుంటే, సగటు తేడా పదే గానీ మనం నిలబడే సగటు సమయం 8 నిమిషాలు దాటుతుంది. ఎందుకంటే మనలో ఎక్కువమంది స్టాపుకు చేరేది ఆ పెద్ద ఖాళీలోనే. ఒక్కసారి మారితేనే ఇంత. నేను రెండు సార్లు మారేవాణ్ణి.

అంత ఇష్టపడి తీసుకున్న ఏరియాని వారంలో ఐదు రోజులు చీకట్లోనే చూశాను. పార్కు గేటు మూసేశాకే దిగేవాణ్ణి. 2004లో మనస్తత్వ శాస్త్రవేత్త డానియల్ కానమన్ బృందం అమెరికాలోని టెక్సస్‌లో 909 మంది ఉద్యోగినులను రోజంతా ఏ పని చేసేటప్పుడు ఎలా అనిపించిందని అడిగితే, పొద్దున ఆఫీసు ప్రయాణం దాదాపు అట్టడుగున నిలిచింది. దీనికి సర్వే ఎందుకు, ఇంటికొచ్చినప్పుడు మీ మొహం చూస్తే చాలదా అంటుంది మా ఆవిడ.

ఇప్పుడున్న ఇల్లు కిలోమీటర్లలో చూస్తే అంతకంటే దూరం. కానీ ఒకే రైలు, మారే పని లేదు. రైలు మొదలయ్యే స్టేషన్ కాబట్టి పొద్దున సీటు దొరుకుతుంది. నలభై ఐదు నిమిషాలు, రోజూ ఇంచుమించు అంతే. అందులో సగం చదువుతాను, సగం నిద్రపోతాను. ఏరియా చెప్పుకోదగ్గ అందమేం కాదు. కింద దుకాణాలు, పైన ఇళ్లు, రాత్రి తొమ్మిదికి కూడా మనుషుల అలికిడి. సాయంత్రం చిన్న చిన్న పనులన్నీ స్టేషన్ నుంచి ఇంటికి నడిచేలోపే అయిపోతాయి.

కాబట్టి నన్నడిగితే ఆ రెండిళ్లలో దేనికీ ఇప్పుడే సంతకం పెట్టకండి. మీ ఆఫీసు దగ్గర ఆగే రైలు గానీ బస్సు గానీ ఏయే ఏరియాల మీదుగా వస్తుందో చూసి, ఆ దారిలోనే మూడో ఇల్లు వెతకండి. నచ్చినదాని నుంచి ఒక పనిరోజు పొద్దున సరిగ్గా ఆఫీసు టైముకి ప్రయాణం చేసి చూడండి, సాయంత్రం తిరిగి రండి. వాన పడుతున్న రోజైతే మరీ మంచిది. రాత్రి తొమ్మిదికి స్టాపు దగ్గర దిగి ఇంటిదాకా నడవండి కూడా. పార్కుకు ఆదివారం వెళ్లొచ్చు.