డిస్క్రిషన్ అంటే ఏమిటి? ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది?

చెన్నైలోని బ్యాంకు మీకు ఇచ్చిన నియామక పత్రంలో ఒకచోట బోనస్ యాజమాన్యం డిస్క్రిషన్‌ను బట్టి ఉంటుందనీ, మరొకచోట ఖాతాదారుల విషయంలో డిస్క్రిషన్ పాటించాలనీ రాసి ఉన్నందున, రెండూ ఒకటేనా అని అడిగారు. మాట ఒకటే గాని అర్థాలు వేరు.

మొదటిది విచక్షణాధికారం, అంటే ఇవ్వాలా వద్దా, ఇస్తే ఎంత అనేది యాజమాన్యం నిర్ణయానికి వదిలారు. రెండవదాన్ని గోప్యత అని మాత్రమే అనువదిస్తే సగమే చెప్పినట్లవుతుంది. గుట్టు బయట పెట్టకపోవడంతో పాటు, సమయం, సందర్భం, ఎదుటివారి మనసు ఎరిగి మసలుకోవడం కూడా అందులో ఉంది. అప్పు వాయిదా తప్పిన ఖాతాదారుకు ఆ సంగతిని కౌంటరు ముందు పదిమంది వినేలా చెప్పకుండా, పక్కకు పిలిచి నెమ్మదిగా చెప్పే గుమాస్తా చూపేది ఈ గుణాన్నే.

దీని మూలం లాటిన్. ‘డిస్’ అంటే విడిగా, ‘కెర్నెరె’ అంటే జల్లించడం, వేరుచేయడం. ఇవి కలిసిన క్రియ నుంచి పుట్టిన నామవాచకం పాత ఫ్రెంచి మీదుగా మధ్యయుగాలలో ఇంగ్లీషుకు చేరింది. మన ‘వివేకం’ కూడా వేరుచేయడమనే అర్థం గల ‘విచ్’ అనే సంస్కృత ధాతువు నుంచే వచ్చింది కనుక, తెలుగులో దీనికి అన్నిటికంటే దగ్గరి మాట అదేనని నా అభిప్రాయం.

కాలేజీ గణితంలో విడివిడి విలువలకు వాడే ‘డిస్క్రీట్’ కూడా ఈ కుటుంబానిదే. డిస్క్రిషన్ గల మనిషిని కూడా ‘డిస్క్రీట్’ అనే అంటారు. ఈ రెండు మాటల ఉచ్చారణ ఒకటే అయినా, ఇంగ్లీషులో రాసేటప్పుడు వివేకవంతుడనే అర్థంలో చివరి ‘టి’కి ముందు రెండు ‘ఇ’లు పక్కపక్కన వస్తాయి, గణితపు మాటలో ఆ ‘టి’కి అటొకటి, ఇటొకటి ఉంటాయి.