గడగడా చదువుతాడు, అర్థమే కాదు!

ప్రశ్న: మా బాబు నాలుగో తరగతి. ఎక్కడా ఆగకుండా గడగడా చదివేస్తాడు. కథైతే తిరిగి చెప్పేస్తాడు కూడా. పరిసరాల విజ్ఞానం పాఠం చదివించి ‘ఏం అర్థమైందిరా?’ అంటే మాత్రం బిక్కమొహం వేస్తాడు. జవాబుల కింద నేనే గీతలు గీసి బట్టీ పట్టిస్తున్నాను. ఇంకా కథల పుస్తకాలు కొనమంటారా? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: టెన్షన్ వద్దండీ, ముందు ఆ గీతలు ఆపేయండి. జవాబు వెతికే పని మీరే చేసేస్తుంటే ఇక వాడికి మిగిలేది అప్పజెప్పడమే కదా!

కథ అర్థమై పాఠం అర్థం కాకపోవడం చాలామంది పిల్లల్లో ఉన్నదే. కథలో ‘తర్వాత ఏమైంది’ అన్న ఆత్రం ముందుకు లాక్కుపోతుంది, పాఠంలో ఆ ఊపు ఉండదు, ‘అందువల్ల’, ‘అయితే’ లాంటి మాటలు పట్టుకుని ఏది కారణమో ఏది ఫలితమో పిల్లాడే తేల్చుకోవాలి. ఇంకో పది కథలు చదివితే కథలు ఇంకా బాగా చదువుతాడు, అంతే. (కథలు మానేయమనడం లేదు. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు కథలతో పాటు సైన్సు పుస్తకాలూ ఉచితంగా దొరుకుతాయి, కొనక్కర్లేదు.)

రకరకాలవి చదివించండి. ఇంట్లోనే బోలెడున్నాయి. ఓఆర్ఎస్ పొడి లీటరు ప్యాకెట్ మీది సూచనలు చదివించి, ‘సగం పొడి ఒక గ్లాసు నీళ్లలో కలిపితే సరిపోతుందా?’ అని అడగండి. మొత్తం పొడి లీటరు నీళ్లలో కలపాలనీ, కలిపింది 24 గంటల్లో తాగేయాలనీ అక్కడ ఉంటుంది కానీ సగం సంగతి ఉండదు, ఉన్నదాన్ని బట్టి లేనిది వాడే తేల్చాలి. పెళ్లి శుభలేఖ వస్తే ఇంకా మంచిది. ‘గురువారం రాత్రి 2.30 గంటలకు, తెల్లవారితే శుక్రవారం’ అని ఉందనుకోండి, మనం ఏ రోజు సాయంత్రం బస్సెక్కాలో వాణ్నే చెప్పమనండి, పెద్దవాళ్లే తడబడతారు దాని దగ్గర! కరెంటు బిల్లులో పోయిన నెల రీడింగ్, ఈ నెల రీడింగ్ చూసి ఎన్ని యూనిట్లు కాలిందో చెప్పమనండి. జవాబు తప్పైతే వెంటనే సరిదిద్దకుండా ‘ఎక్కడుంది, చూపించు’ అనండి చాలు.

పాఠం దగ్గరికొస్తే, చదవడానికి ముందే ఓ ఐదు నిమిషాలు మాట్లాడండి. బాష్పీభవనం పాఠమైతే దండెం మీద తడిబట్టలు ఎండలో త్వరగా ఎందుకు ఆరతాయో, ముసురు పట్టినప్పుడు ఎందుకు ఆరవో అడిగి, ఆ తర్వాత పుస్తకం తెరవండి. ఇంకో చిక్కు పొడవాటి వాక్యాలు. ‘రాజు కోటను ముట్టడించి, సేనాపతిని ఓడించి, ధనాన్ని పేదలకు పంచి...’ అంటూ సాగిపోయే వాక్యంలో రాజు పేరు మొదట్లో ఒక్కసారే వస్తుంది, చివరికొచ్చేసరికి పంచిందెవరో పిల్లలు మర్చిపోతారు. అక్కడ ఆపి ‘పంచిందెవరు?’ అని అడగాలి.

ప్రశ్న: మా పాప ప్రభుత్వ బడిలో ఆరో తరగతి, ఇంగ్లిష్ మీడియం. సైన్స్ పాఠం చదువుతుంది కానీ ఏమీ అర్థం కావట్లేదంటోంది.
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: పాప పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు ఉంటే పని సులువు. ముందు తెలుగు పేజీ చదివి విషయం మీకు సొంత మాటల్లో చెప్పమనండి, తర్వాత అది మూసేసి ఇంగ్లిష్ పేజీ చదవమనండి. రెండు పేజీల మీదా వేలు పెట్టి వాక్యానికి వాక్యం సరిచూసుకోవడం మాత్రం వద్దు, అలా చేస్తే తెలుగే చదివి ఇంగ్లిష్ వదిలేస్తుంది.