నెలనెలా వచ్చే మందు ఖర్చుకు పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 33. విశాఖపట్నంలో ప్రైవేటు ఉద్యోగం, జీతం రూ.62 వేలు. వెన్నెముక కీళ్లు వాచి పట్టేసే యాంకైలోసింగ్ స్పాండిలైటిస్‌కు నొప్పి మాత్రలు, వ్యాయామం చాలకపోవడంతో రుమటాలజిస్టు (కీళ్లవాత వైద్యుడు) 15 రోజులకోసారి అడాలిముమాబ్ ఇంజెక్షన్ రాశారు. నెలకు రూ.25 వేలవుతుందట. రూ.2 లక్షల లోన్ 16 శాతం వడ్డీకి మూడేళ్లకు ఇస్తామంటున్నారు. మ్యూచువల్ ఫండ్లలో రూ.2.6 లక్షలున్నాయి, నెలకు రూ.12 వేలు సిప్ కడుతున్నాను. కంపెనీ గ్రూప్ పాలసీ ఉంది. తీసుకోమంటారా?

జవాబు: వద్దు. దీర్ఘకాలిక జబ్బును ఆపరేషన్ ఖర్చులా లెక్కవేసి అప్పు చేసేవారు చాలామంది ఉన్నారు కాబట్టే మీ ఉత్తరానికి వివరంగా జవాబు రాస్తున్నాను. రూ.2 లక్షలు ఎనిమిది నెలల్లో ఇంజెక్షన్లకే అయిపోతాయి, సుమారు రూ.7,030 ఈఎంఐ మాత్రం ఆ తర్వాత మరో 28 నెలలు కట్టాలి. డబ్బు లేక మందు ఆపితే చాలామందిలో జబ్బు తిరగబెడుతుంది. అప్పుడు క్రెడిట్ కార్డు గీకడం మొదలవుతుంది; ఆ దారిలోకి అసలు వెళ్లకండి.

మీ దగ్గర లేనిది లోన్ కాదు, అత్యవసర నిధి. ఫండ్లలోంచి రూ.1.5 లక్షలు తీసి, జీతం ఆగినా, నడుము పట్టేసి సెలవు పెట్టాల్సి వచ్చినా తప్ప ముట్టుకోకుండా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేయండి. సిప్ ఆపండి. ఆ రూ.12 వేలకు మిగిలిన రూ.1.1 లక్షలు తోడైతే, అప్పు లేకుండానే అవే ఎనిమిది నెలలు గడుస్తాయి. మందు పనిచేస్తున్నదీ లేనిదీ సాధారణంగా మూడు నెలలకు అంచనా వేస్తారు. ఈలోగా తక్కువ ధర బయోసిమిలర్ (అదే మందుకు దాదాపు సమానంగా వేరే కంపెనీ తయారుచేసేది) గురించి, టోఫాసిటినిబ్ మాత్రలు మీకు సరిపోతాయా అన్నదాని గురించి డాక్టరును అడగండి.

ఎలాగూ ఇంజెక్షన్‌కు ముందు క్షయ పరీక్షలు చేయిస్తారు. ఆ రిపోర్టులు వచ్చేలోగా హెచ్‌ఆర్ విభాగం నుంచి పాలసీ పత్రం తెప్పించుకుని డేకేర్ (ఒక్క రోజులో ముగిసే ఆసుపత్రి చికిత్స), ఓపీడీ (ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే చికిత్స) నిబంధనలు చదవండి. ఇంట్లో వేసుకునే ఇంజెక్షన్ బిల్లును చాలా పాలసీలు ఓపీడీ ఖర్చుగా తోసిపుచ్చుతాయి. ఆసుపత్రిలో సెలైన్ ద్వారా ఎక్కించే ఇన్‌ఫ్లిక్సిమాబ్‌కు క్లెయిమ్ వచ్చే అవకాశం ఎక్కువ. ఏ మందు వాడాలో నిర్ణయించేది డాక్టరే అయినా, ఈ తేడా ఆయనకు ముందే చెప్పడం మంచిది. చికిత్స ఖర్చుకు ఆదాయపు పన్ను మినహాయింపునిచ్చే జబ్బుల జాబితాలో ఈ జబ్బు లేదు, దాన్ని లెక్కలో వేసుకోకండి.

గ్రూప్ పాలసీ ఉద్యోగంతోపాటే పోతుంది. అందుకే సొంత ఆరోగ్య బీమాకు ఈ నెలలోనే దరఖాస్తు చేయండి. ముందునుంచి ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ (క్లెయిమ్ ఇవ్వని తొలి కాలం) 2024 నుంచి గరిష్ఠంగా 36 నెలలే. ప్రీమియం పెరుగుతుందనో, దరఖాస్తు తిరస్కరిస్తారనో జబ్బు సంగతి దాచమని ఏజెంటు చెబితే వినకండి. జబ్బు పేరు స్పష్టంగా రాసి, రిపోర్టులు జతచేయండి. ఒక కంపెనీ కాదంటే మరో కంపెనీని అడగండి.