బుజ్జికి, చెట్ల లెక్క గురించి

బుజ్జీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి "అన్నయ్యా, నీ మేనకోడలు శాటిలైట్ బొమ్మల్తో బెంగళూరు చెట్లన్నీ మ్యాప్ చేస్తుందట" అంది, నవ్వుతూనే అంది గానీ నాకు రాత్రి రెండింటి దాకా నిద్ర పట్టలేదు. ఫోన్లో చెప్తే ఊఁ కొట్టి వదిలేస్తావ్, అందుకే టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకో.

డేటా సంగతి నీకే బాగా తెలుసు. సెంటినెల్-2 శాటిలైట్ బొమ్మలు ఫ్రీ, 10 మీటర్ల పిక్సెల్, అంటే బొమ్మలో ఒక్కో చుక్క ఇంచుమించు ఒక థర్టీ ఫార్టీ అడుగుల ఇంటి సైటంత. మా రోజుల్లో మాకు మన దేశపు శాటిలైట్ కెమెరా లిస్-3, 23.5 మీటర్లు, ఒక్క పిక్సెల్లో నాలుగైదు సైట్లూ మధ్య రోడ్డూ రోడ్డుమీద కానుగ చెట్టూ అన్నీ కలిసి ఒకే రంగు. వానాకాలం బొమ్మలు పట్టుక్కూర్చోకు, అన్నీ మబ్బులే.

ఎన్‌డీవీఐ అని పచ్చదనం కొలిచే అంకె ఉందిగా, అది చూసి మాత్రం మోసపోకే. ఆకు ఎర్ర వెలుతురు మింగేసి నియర్ ఇన్‌ఫ్రారెడ్‌ని వెనక్కి కొడుతుంది, దానికి చెట్టు ఆకా పిచ్చి మొక్క ఆకా అని తేడా లేదు. అప్పట్లో నేను ఆ అంకె 0.4 దాటిందల్లా చెట్టే అని గీత గీశా. ఊరికి తూర్పున ఇంత పచ్చటి ముక్క వచ్చింది, అబ్బ ఇంత అడవుందా అని మురిసిపోయి ఫీల్డుకి పోకుండానే రిపోర్ట్ ఇచ్చేశా. మా ఆఫీసు డ్రైవర్ ఆ మ్యాప్ చూసి "అదు బెళ్లందూరు కెరె అల్వా సార్" అన్నాడు, అది బెళ్లందూరు చెరువు కదా అని. మర్నాడే పరిగెత్తా. గట్టు కింద అంతా పచ్చగా, నేలలాగే ఉంది, చేతిలో జీపీఎస్ చూసుకుంటూ ఒక్కడుగు వేశానో లేదో నడుం దాకా దిగిపోయా. నీళ్లమీద తేలే గుర్రపు డెక్క అది! పక్కన గడ్డి కోస్తున్నాయన కొడవలి పడేసి లాగాడు కాబట్టి ఇవాళ నీకిది రాస్తున్నా. ఆ మురుగు కంపుకి మీ అత్త గుమ్మం తొక్కనివ్వలేదు, పెరట్లోనే నాలుగు బకెట్లు. రిపోర్ట్ తప్పని ఒప్పుకుంటూ ఉత్తరం రాయడానికి సిగ్గుతో ఇంకో తొమ్మిది రోజులు.

అందుకే చెరువుల్ని ముందే గీసి పక్కన పెట్టు. మార్చి బొమ్మ తీసుకుంటే మామూలు గడ్డి ఎండి చెట్లు మిగుల్తాయి, కానీ గోల్ఫ్ కోర్సుకి రోజూ నీళ్లు పెడతారు, అది ఎండదు. అదే టైంలో గులాబీ టబెబుయాలు ఆకు రాల్చేసి పూస్తాయి, కంప్యూటర్‌కి అక్కడ చెట్టే లేదు! ఒక్క నెల బొమ్మతో తేల్చకు. స్వయంగా వెళ్లి చూసి రాసుకునే ఫీల్డ్ పాయింట్లు ఇంకా ఒక్కటీ తీసుకోలేదట, ఏం చేస్తున్నావే ఇన్నాళ్లూ?

కోప్పడ్డానని ముఖం మాడ్చుకోకు. మ్యాప్ తప్పొస్తే దిద్దుకోవచ్చు, గట్టు మాత్రం ఒక్కదానివే దిగకు తల్లీ. శనివారం రాత్రికి పీజీ నుంచి మా ఇంటికొచ్చేయ్, అత్త పప్పుచారు పెడుతుంది, పొద్దున్నే లాల్‌బాగ్‌లో మొదలెడదాం, మోకాళ్ల నొప్పులున్నా నేనొస్తా. నా పాత గమ్ బూట్లు ఉన్నాయి, నీకు పెద్దవవుతాయి, రెండు జతల సాక్సులు తెచ్చుకో.

మామయ్య