మాధవికి, ఇన్సూరెన్స్ ఫారం నింపేముందు

మాధవీ, టీచర్ ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ చెప్పగానే ఎంత సంతోషమేసిందో! ఇప్పుడు హెల్త్ ఇన్సూరెన్స్ సంగతి చెప్తాను, కాస్త శ్రద్ధగా విను.

పక్క ఊళ్ళో పనిచేసే ఫ్రెండ్ ఏది తీసుకుందో అదే తీసుకుంటానన్నావట, అలా వద్దు. ఇక్కడ టెక్సస్‌లో చాలా స్కూల్ డిస్ట్రిక్టులు టీఆర్ఎస్ (టెక్సస్ టీచర్ల రిటైర్మెంట్ సంస్థ) నడిపే యాక్టివ్‌కేర్ అనే హెల్త్ ఇన్సూరెన్స్‌లో ఉంటాయి గానీ, 2021లో చట్టం మారాక కొన్ని బయటికెళ్ళి సొంత ప్లాన్లు పెట్టుకున్నాయి. అలా వెళ్ళినవి ఐదేళ్ళ దాకా తిరిగి చేరలేవు. కాబట్టి తన ప్లాన్ వేరు, నీది వేరు కావచ్చు.

యాక్టివ్‌కేర్ అయితే ప్రైమరీ, ప్రైమరీ ప్లస్, హెచ్‌డీ అని ప్లాన్లు కనిపిస్తాయి. ప్రీమియం ఒక్కటే చూసి టిక్కు పెట్టకు. నేను అలాగే ప్రైమరీ తీసుకున్నాను. ఆ ఏడు సెలవులకి న్యూజెర్సీలో మా ఆడపడుచు వాళ్ళింటికి వెళ్తే బాబు చెయ్యి విరిగింది. ఎమర్జెన్సీకి ఇన్సూరెన్స్ ఇచ్చింది, కానీ తర్వాత అక్కడే ఎముకల డాక్టర్‌కి చూపిస్తే ఆ బిల్లంతా మా నెత్తినే పడింది, ఎందుకంటే ప్రైమరీ నెట్‌వర్క్, అంటే ఆ ప్లాన్‌తో ఒప్పందం ఉన్న డాక్టర్లు, ఆసుపత్రులు, టెక్సస్ వరకే, పైగా స్పెషలిస్టు దగ్గరికి వెళ్ళాలంటే మన ఫ్యామిలీ డాక్టర్ పంపినట్టు రిఫరల్ ఉండాలి. హెచ్‌డీకి దేశమంతా నెట్‌వర్క్ ఉంటుంది, హెచ్ఎస్ఏ అని వైద్య ఖర్చుల కోసం ఉండే ఖాతాలో పన్ను లేకుండా డబ్బు దాచుకోవచ్చు, మిగిలింది నీదే, ఉద్యోగం మారినా పోదు. కాకపోతే ఏటా చేయించే చెకప్పులు, టీకాల వంటివి తప్ప మిగతావాటికి డిడక్టబుల్, అంటే ఏటా ముందుగా మనమే భరించాల్సిన మొత్తం, నిండేదాకా నీ జేబులోంచే కట్టాలి.

ఒక కాగితం తీసుకుని ప్రతి ప్లాన్‌కీ రెండు లెక్కలు వెయ్యి. అందరూ బాగుంటే ఏడాదికి ఎంతవుతుంది, ఆపరేషన్ లాంటిది వస్తే ఎంతవుతుంది అని. రెండో దానికి పన్నెండు నెలల ప్రీమియం, దాని మీద అవుట్ ఆఫ్ పాకెట్ మాక్సిమం, అంటే ఏడాదిలో వైద్యానికి మన జేబులోంచి పోయే గరిష్ఠ మొత్తం, కలుపు. ఆ మొత్తం మీ ఇంట్లో సర్దగలరా లేదా, అదీ చూడాల్సింది.

అసలు దెబ్బ ఫ్యామిలీ ప్రీమియం దగ్గరే తగులుతుందమ్మా. చట్ట ప్రకారం నెలకి డిస్ట్రిక్ట్ కనీసం 150 డాలర్లు, రాష్ట్రం 75 డాలర్లు ఇస్తాయి, భర్తనీ పిల్లల్నీ చేర్చావంటే మిగతాది నీ జీతంలోంచే పోతుంది. కొన్ని డిస్ట్రిక్టులు ఎక్కువే ఇస్తాయి, అడుగు. అల్లుడి ఆఫీసు ప్లాన్‌లో పిల్లల్ని పెట్టి నువ్వొక్కదానివే ఇక్కడ ఉంటే ఎంతవుతుందో చూడు. వాళ్ళకి మార్కెట్‌ప్లేస్‌లో, అంటే ప్రభుత్వం నడిపే ఇన్సూరెన్స్ బజారులో, సబ్సిడీ వస్తుందేమో కూడా చూడు. 2023 నుంచి ఆ అర్హతకి ఫ్యామిలీ ప్రీమియం ఎంతన్నది లెక్కేస్తున్నారు.

పిల్లల డాక్టర్ ఆఫీసుకి నువ్వే ఫోన్ చేసి, ప్లాన్ పేరు పూర్తిగా చెప్పి, తీసుకుంటారా అని అడుగు. వెబ్‌సైట్లో పేరుందని నమ్మెయ్యకు. అమ్మావాళ్ళు వచ్చినప్పుడు ఇందులో చేర్చడం కుదరదు, విజిటర్ ఇన్సూరెన్స్ విడిగా కొనాలి.

లెక్క వేసిన కాగితం ఫోటో తీసి పంపు, సంతకం పెట్టకముందే ఇద్దరం కలిసి చూద్దాం.

పిన్ని