మెత్తని పదార్థాల మీద పీహెచ్‌డీ: ఐదేళ్లు వృథా పోతాయా?

ప్రశ్న: మా అమ్మాయి కాకినాడలో కెమికల్ ఇంజినీరింగ్ ఫైనలియర్ చదువుతోంది. క్యాంపస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది. అది వద్దని, ఏఐ సాయంతో సాఫ్ట్ మెటీరియల్స్ తయారుచేసే పరిశోధనలో పీహెచ్‌డీ చేస్తానంటోంది. మా ఇంట్లో ఎవరూ పీహెచ్‌డీ చేయలేదు. ఐదేళ్లు పోగొట్టుకుంటుందేమోనని భయంగా ఉంది. ఏం చేయమంటారు? - ఒక తండ్రి

జవాబు: మీ భయం అర్థమైందండీ. ముందు ఈ సబ్జెక్టు ఏమిటో చూద్దాం. జెల్, రబ్బరు, షాంపూ, పెయింటు, కాంటాక్ట్ లెన్సు, చివరికి మనం తోడేసుకునే పెరుగు కూడా సాఫ్ట్ మెటీరియలే. పాలిమర్లు (గొలుసులా అల్లుకున్న పొడవాటి అణువులు), లిక్విడ్ క్రిస్టల్స్ (ద్రవంలా పారుతూనే అణువులు ఒక వరసలో ఉండే పదార్థాలు) మీద చేసిన పనికే 1991లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త డి జెన్‌కు ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. కొవిడ్ ఎంఆర్‌ఎన్‌ఏ టీకాను మోసిన సన్నని కొవ్వు బుడగలూ ఈ కోవలోవే.

మరి ఏఐ దేనికి? ఒక జెల్‌లో ఏ పాలిమర్ ఉండాలి, దాని గొలుసు పొడవెంత, ఏది ఎంత పాళ్లలో కలపాలి అని లెక్కేస్తే కాంబినేషన్లు కోట్లలో తేలతాయి. అన్నీ ల్యాబ్‌లో చేసి చూడలేం. చేసిన కొద్ది ప్రయోగాల నుంచి ఏఐ మోడల్ నేర్చుకుని, తర్వాత దేన్ని చేసి చూడాలో చెబుతుంది. ఆ ఫలితాన్ని మళ్లీ దానికే అందిస్తారు.

చిక్కంతా డేటా దగ్గరే. ప్రొటీన్ల ఆకారాన్ని పసిగట్టే ఏఐ మోడల్ ఆల్ఫాఫోల్డ్‌ను తయారుచేసినవాళ్లకు 2024లో కెమిస్ట్రీ నోబెల్‌లో భాగం దక్కింది. దాని వెనక 1971 నుంచి ప్రపంచమంతా కూడబెట్టిన ప్రొటీన్ డేటా బ్యాంకు ఉంది. సుమారు 1,70,000 నిర్మాణాలు చూసి ఆ మోడల్ నేర్చుకుంది. జెల్స్‌కు అలాంటి ఖజానా లేదు. పైగా ఇవి మొండి పదార్థాలు. అవే పాలు, అదే తోడు. గోరువెచ్చగా ఉన్నప్పుడు వేస్తే గడ్డపెరుగు, బాగా చల్లారాక వేస్తే తెల్లారినా తోడుకోదు. ఏం కలిపారన్నదే కాదు, ఎలా కలిపారు, ఎంత వేడిలో ఉంచారు అన్నదీ లెక్కలోకి వస్తుంది. చాలాసార్లు ఆ వివరాలు ఎవరూ రాసిపెట్టరు. అందుకే కోడింగ్ ఒక్కటే వచ్చినవాళ్లు ఇక్కడ త్వరగా తడబడతారు. థర్మోడైనమిక్స్ (వేడి, శక్తి లెక్కల శాస్త్రం) చదివిన మీ అమ్మాయికి అదే బలం. ఏఐ మీద మోజుతో వెళ్తుంటే మాత్రం నేను వద్దంటాను.

గైడ్ ఎంపికలోనూ ఇదే చూడాలి. మోడల్ చెప్పినదాన్ని నిజంగా తయారుచేసి కొలిచే ల్యాబ్ ఆయనకు ఉందా, లేదా అలాంటి ల్యాబ్‌తో కలిసి పనిచేస్తున్నారా అని అడగమనండి. ఆయన దగ్గర చదువుతున్నవాళ్లతో తప్పక మాట్లాడమనండి. బెంగళూరులో ఐఐఎస్‌సీ, రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్, పుణెలో ఎన్‌సీఎల్, హైదరాబాద్‌లో టీఐఎఫ్‌ఆర్ కేంద్రం చూడదగ్గ పరిశోధన సంస్థలు. అమెరికాలో జార్జియా టెక్‌లో రాంప్రసాద్, డెలావేర్ యూనివర్సిటీలో ఆర్తి జయరామన్ బృందాల పేపర్లు చదివితే ఈ పని ఎలా ఉంటుందో తెలుస్తుంది.

డబ్బు సంగతి. 2023 నుంచి జేఆర్‌ఎఫ్ (పీహెచ్‌డీ చేసేవాళ్లకు ఇచ్చే ఫెలోషిప్) నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత 42,000. ఇంటి అద్దె భత్యం అదనం. సాఫ్ట్‌వేర్ జీతంతో పోటీపడదు కానీ మీ మీద భారం వేయదు. తర్వాత పెయింట్లు, సబ్బులు, ఔషధాలు, ప్లాస్టిక్ రీసైక్లింగ్ కంపెనీల పరిశోధన విభాగాల్లో అవకాశాలుంటాయి. ఉద్యోగాల సంఖ్య సాఫ్ట్‌వేర్ అంత ఉండదు, ఆ మాట దాచను.

నిర్ణయానికి ముందు ఆమెను రెండు నెలలు ఒక పని చేయనివ్వండి. ల్యాంప్స్ (LAMMPS) అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో, పూసల దండలాంటి పాలిమర్ గొలుసును మామూలు ల్యాప్‌టాప్‌లోనే కదిలించి చూడొచ్చు. గొలుసు పొడవు మారుస్తూ అది ఎంత మేర ముడుచుకుంటుందో కొలవాలి. తర్వాత పైథాన్‌లో చిన్న మోడల్ రాసి, చూడని పొడవులకు అది ఏం చెబుతుందో, ఎక్కడ తప్పుతుందో చూడాలి. ఆ తప్పు ఎందుకొచ్చిందో తేల్చుకునేదాకా ఆమె వదలకపోతే, దారి ఇదే అనుకోండి. విసుగొస్తే ఆఫర్ లెటర్ చేతిలో ఉంది, ఉద్యోగంలో చేరమనండి. పీహెచ్‌డీ ప్రవేశానికి పనికొచ్చే గేట్ పరీక్ష రాసి ఉంటే, ఆ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది కాబట్టి, ఒక ఏడాది పనిచేశాక మళ్లీ మనసు ఇటు లాగినా తలుపు మూసుకుపోదు.